యాభై రూపాయల నేరస్థుడి ఉత్తరం

గౌరవనీయులైన కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

రాజమహేంద్రవరం నుంచి ఒక చిన్న ప్రచురణకర్త నమస్కరించి రాసుకునేది.

ముందు నా నేరం ఒప్పుకుంటాను. 1954లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఈ దేశంలో ఎవరు పుస్తకం వేసినా ముప్పై రోజుల్లోగా ఒక ప్రతిని సొంత ఖర్చుతో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి పంపాలి. ఇంకో మూడు ప్రతులు చెన్నై కన్నెమరాకి, ముంబై సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళాలి. నేను వేసిన మొదటి మూడు పుస్తకాలూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఎగ్గొడదామని కాదు, అలాంటి చట్టం ఒకటుందని తెలీక. కోర్టులో ఆ మాట చెల్లదని నాకూ తెలుసు.

ఈ నేరానికి ఆ చట్టం రాసిన శిక్ష యాభై రూపాయల దాకా జరిమానా, ఆ పైన పుస్తకం వెల. 1954లో యాభై రూపాయలంటే మాటలు కాదు. ఇవాళ మా ఊళ్ళో ఇద్దరు టిఫిను తిని కాఫీ తాగితే ఆ డబ్బు చాలదు. పైగా ఎవరు పడితే వాళ్ళు నా మీద కేసు వెయ్యడానికి లేదు. కేంద్ర ప్రభుత్వం అధికారమిచ్చిన ఉద్యోగి ఫిర్యాదు చేస్తేనే మేజిస్ట్రేటు గారు చేపట్టాలి. అలాంటివారెవరూ నా గుమ్మం తొక్కలేదు. వచ్చుంటే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాణ్ణి.

నాకీ చట్టం సంగతి తెలిసింది ఒక లాయరు గారి వల్ల. నా మూడో పుస్తకం గోదావరి కాలవల మీద పడవలు నడిపినవాళ్ళ మాటల పట్టిక. రాసినాయన పడవ సరంగు కొడుకు, బడిపంతులుగా రిటైరయ్యారు. నాలుగు ఫారాల పుస్తకం, 300 ప్రతులు, వెల 40 రూపాయలు. సగానికి పైగా ఆయనే పంచిపెట్టారు. పుస్తకం వచ్చిన రెండేళ్ళకి ఆయనా పోయారు. ఆ తర్వాత ఒకరోజు ఈ లాయరు గారు వెతుక్కుంటూ వచ్చారు. ఒక పాత దస్తావేజులో పొలం సరిహద్దు చెప్పేచోట పడవ లాగేవాళ్ళ మాట ఒకటి పడింది. అది కాలవ గట్టుకి పేరా, గట్టు మీద తాడు పట్టుకుని నడిచే దారికి పేరా అన్నదాన్ని బట్టి ఇరవై సెంట్లు అటో ఇటో అవుతుంది. ఉన్న నిఘంటువుల్లో ఆ మాట లేదట. మా పట్టికలో ఉంది. ఆ మాటేమిటో ఇక్కడ రాయను, వ్యాజ్యం ఇంకా నడుస్తోంది.

"ఒక్కటే ప్రతి మిగిలిందండీ, జెరాక్సు తీసుకోండి" అన్నాను.

"జెరాక్సు పెడితే అవతలివాళ్ళు ఊరుకోరు. పర్లేదు లెండి, కలకత్తా లైబ్రరీలో ఉంటుందిగా, అక్కణ్ణుంచి తెప్పిస్తాను" అన్నారాయన. నేను పంపే ఉంటానని ఆయన నమ్మకం. నేను నీళ్ళు నమిలాను.

కోర్టు తగువొకటి గ్రంథాలయం గుమ్మం దాకా రావడం చూశాక, రెండు సంస్థల్ని పక్కపక్కన పెట్టి చూడటం అలవాటైంది. ఒకటి సుప్రీంకోర్టు, రెండోది మీ శాఖ కిందున్న జాతీయ గ్రంథాలయం. ఈ పోలిక వినగానే మా వాకింగ్ మిత్రుడొకాయన నవ్వారు, ఏనుక్కీ ఎలకకీ పోటీ ఏమిటని. నేనాయనకి రాజ్యాంగం తీసి చూపించాను. ఏడో షెడ్యూలులో కేంద్రం జాబితా ఉంది కదా, అందులో 62వ అంశం మొదట్లోనే జాతీయ గ్రంథాలయం పేరు పెట్టి చెప్పింది. సుప్రీంకోర్టు 77వ అంశం. ఒకే జాబితాలో పదిహేను మెట్ల తేడా, అదీ గ్రంథాలయమే ముందు. అంకె చిన్నదైనంత మాత్రాన హోదా పెద్దదని నేననను. కానీ పేరు పెట్టి పిలిచేటంత దగ్గరితనంతో రాజ్యాంగం రాసిన పెద్దలు ఈ సంస్థని తలుచుకున్నారని మాత్రం అంటాను.

పుట్టుకలు కూడా దగ్గరదగ్గరే. ఇంపీరియల్ లైబ్రరీ అనే పేరు మార్చి జాతీయ గ్రంథాలయం అన్నది 1948లో. ఫెడరల్ కోర్టు పోయి సుప్రీంకోర్టు వచ్చింది 1950 జనవరిలో. రెండూ పాత దొరల ఇళ్ళలోనే కాపురం పెట్టాయి. కోర్టుకి 1958 దాకా సొంత భవనం లేదు, పార్లమెంటు భవనంలో ఒకప్పుడు సంస్థానాధీశులు కూర్చున్న మందిరంలో నడిచింది. గ్రంథాలయానికి ఆలీపూర్‌లోని బెల్వెడేర్ భవంతి దక్కింది. బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు నివసించిన ఇల్లది. 1953 ఫిబ్రవరి 1న మౌలానా ఆజాద్ దాని తలుపులు జనానికి తెరిచారు.

ఆ బెల్వెడేర్ పక్కనే 1780 ఆగస్టులో వారన్ హేస్టింగ్సూ, ఆయన కౌన్సిలులోనే సభ్యుడైన ఫిలిప్ ఫ్రాన్సిసూ తెల్లవారుజామున పిస్తోళ్ళతో తలపడ్డారు. ఫ్రాన్సిస్‌కి తూటా తగిలింది, చావలేదు. కలకత్తాలో అప్పటికే ఒక సుప్రీంకోర్టు ఉంది, 1774లోనే పెట్టారు. అంత పెద్ద కోర్టుని ఊళ్ళో పెట్టుకుని కూడా దొరలు తమ తగాదా పొలం గట్టున తేల్చుకున్నారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కలే ఇరవై లక్షలకు పైగా పుస్తకాలు ఒకదానితో ఒకటి విభేదిస్తూ ఒకే గూటిలో నిలబడి ఉన్నాయి. ఈ సంగతి తలుచుకుంటే నాకు భలే సరదాగా ఉంటుంది.

ఆ భవనం గురించి ఇంకో కథ మీ శాఖలో అందరికీ తెలిసే ఉంటుంది. 2010లో మరమ్మతులు చేస్తుండగా కింది అంతస్తులో తలుపూ కిటికీ లేని గది ఒకటి బయటపడింది. నిధి అన్నవారున్నారు, చిత్రహింసల కొట్టు అన్నవారున్నారు. తీరా తొలిచి చూస్తే లోపలంతా మట్టి. ఆ ఆవరణలోనే ఇరవై లక్షల పుస్తకాలుంటే ఆ కొన్నాళ్ళూ పత్రికలన్నీ కింద మట్టి గురించే రాశాయి.

హోదాలో తేడా ఎక్కడుందో నాకు తెలుసు. సుప్రీంకోర్టు నోట వచ్చిన న్యాయసూత్రం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని 141వ అధికరణం చెబుతుంది. దానికి తోడ్పడటం అధికారులందరి విధి అని 144 చెబుతుంది. గ్రంథాలయం మాటకి ఎవరి విధీ లేదు. ఒక ఆజ్ఞాపత్రం వెనక పోలీసు నిలబడతాడు. ఒక కేటలాగు కార్డు వెనక మహా అయితే ఒక అటెండరు నిలబడతాడు, నిచ్చెన పట్టుకుని.

అయినా ఒక విషయంలో గ్రంథాలయానిదే పెద్ద మనసని నా అభిప్రాయం. సుప్రీంకోర్టు ఇంగ్లీషులో నడుస్తుంది, 348వ అధికరణం అలా అంటుంది. కోనసీమ రైతు కేసు అక్కడిదాకా వెళ్తే తన పొలం గురించి ఏం వాదిస్తున్నారో ఆయనకి తెలీదు. తన ఊరి లాయరు నేరుగా దాఖలు చేసే వీలూ ఉండదు, అడ్వొకేట్ ఆన్ రికార్డు ద్వారా వెళ్ళాలి. అదే 1954 చట్టం పుస్తకమంటే ఏమిటో చెబుతూ 'ఏ భాషలోనైనా' అంది. కరపత్రమంత పుస్తకమైనా సరే, విడిగా అచ్చయిన పాట స్వరాల కాగితమైనా సరే, పటమైనా సరే. వాయనంలో పంచిన వ్రతకథల పుస్తకానికీ, పదో తరగతి గైడుకీ, నోబెల్ వచ్చిన నవలకీ అక్కడ ఒకటే గుమ్మం. మంచిదా చెడ్డదా అని అడిగేవాడు ఉండడు. అడక్కూడదు కూడా. కోర్టు గుమ్మం దగ్గర మొట్టమొదటి ప్రశ్న 'ఈ వ్యాజ్యం వేసే అర్హత నీకుందా' అని. ఇక్కడ ఆ ప్రశ్నే లేదు.

న్యాయంగా మాట్లాడాలంటే కోర్టు మారుతోందని కూడా చెప్పాలి. 2023 నుంచి పాత తీర్పుల్ని ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్లో పెట్టారు, కొన్ని తీర్పులు తెలుగులోనూ వస్తున్నాయి. ఆ తెలుగు అప్పుడప్పుడూ పళ్ళ కింద రాయిలా తగులుతుంది, అది వేరే గొడవ.

అసలు కోర్టే ఒక రకం గ్రంథాలయం. దాన్ని రాజ్యాంగం 'కోర్ట్ ఆఫ్ రికార్డ్' అంది. చెప్పిందల్లా భద్రంగా ఉండి, రేపటి సాక్ష్యంగా పనికి రావాలని అర్థం. మా ఊరివాడి ఉదాహరణ చెబుతాను. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు గారు రాజమండ్రిలో పుట్టినవారు. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసు తీర్పు వచ్చింది. నిఘా పేరుతో పోలీసులు అర్ధరాత్రి ఇంటి తలుపు కొట్టవచ్చా అన్నది తగువు. కొట్టకూడదని ఆరుగురు న్యాయమూర్తులూ అన్నారు గానీ, వ్యక్తిగత గోప్యత అనేది రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని నలుగురన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. అది స్వేచ్ఛలో విడదీయరాని భాగమని న్యాయమూర్తి షా గారితో కలిసి విడిగా రాశారు. ఆ రోజుకి ఓడిపోయారు. కానీ ఓడిన మాటని చింపి పారెయ్యడం సుప్రీంకోర్టు ఆచారం కాదు. గెలిచిన తీర్పు వెనకాలే అదే సంపుటంలో అచ్చు వేస్తారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆయన చెప్పిందే సరైనదన్నారు. యాభై అయిదేళ్ళ పాటు ఆ మాటని బతికించింది ఆజ్ఞ కాదు, సంపుటం. బీరువాలో దుమ్ము కొట్టుకుంటూ పడుండటమే అది చేసిన పని.

దాచకపోతే ఏమవుతుందో 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు చూపించింది. సల్మాన్ రష్దీ నవల 'ద శటానిక్ వర్సెస్' దిగుమతిని 1988లో ఆపారు కదా, ఆ నిషేధాన్ని ఒకరు సవాలు చేశారు. ఆ నోటిఫికేషను కాగితం తెచ్చి చూపించమంటే ఏ శాఖా తేలేకపోయింది. అలాంటి నోటిఫికేషను లేదనుకోవడం తప్ప మార్గం లేదని కోర్టు కేసు ముగించింది. ముప్పై ఆరేళ్ళ పాటు దేశమంతా తలొగ్గిన ఆజ్ఞ, ఒక కాగితం కనపడక ఆవిరైపోయింది. నిషేధాలంటే నాకు గిట్టదు కాబట్టి నవ్వుకున్నాను. రేపు నా పొలం పట్టాకో మీ ఇంటి దస్తావేజుకో ఇదే గతి పడితే నవ్వలేం. కింది కోర్టుల్లో గడువు దాటిన కట్టలు పారెయ్యడానికి 1917లోనే ఒక చట్టం చేశారు, రికార్డు రూముల్లో చోటు లేక. తీర్పు ఉంటుంది, తీర్పుకి ఆధారమైన కాగితం కొన్నాళ్ళకి ఉండదు. అప్పుడు లాయరు గారు నాలాంటివాడి గుమ్మం ఎక్కాల్సి వస్తుంది.

ఇక నేను మిమ్మల్ని అడగదలచుకున్నదానికి వస్తాను.

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 1954 జూలైలో, గుంటూరులో హైకోర్టు పెట్టారు. మొదటి ప్రధాన న్యాయమూర్తి పైన చెప్పిన సుబ్బారావు గారే. ప్రతి రాష్ట్రానికీ ఒక హైకోర్టు ఉండాలని 214వ అధికరణం అంటుంది కాబట్టి ఎవరూ కాదనలేదు. 2014లో రాష్ట్రం రెండైంది, 2019 జనవరి 1 నుంచి హైకోర్టులూ రెండయ్యాయి. తగువు తీర్చుకోడానికి ఢిల్లీ దాకా వెళ్ళనక్కర్లేకుండా తెలుగువాళ్ళకి ఇప్పుడు రెండు పెద్ద కోర్టులున్నాయి. బాగుంది.

పుస్తకాల చట్టం కూడా అదే 1954లో వచ్చింది. మరి పుస్తకాలు అప్పగించాల్సిన నాలుగు చోట్లలో తెలుగునాట ఒక్కటైనా ఉందా? అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. దక్షిణాదికి కన్నెమరా ఒక్కటే. అది 1896లో తెరిచిన గొప్ప గ్రంథాలయం, నాకు దాని మీద ఏ కోపమూ లేదు. ఉమ్మడి మద్రాసు రోజుల్లో తెలుగు పుస్తకాలకి అది పుట్టిల్లు లాంటిదే. కానీ 1953లో రాష్ట్రం విడిపోయినప్పుడు మాకు మద్రాసు పట్నం పోయింది. పట్నంతో పాటు పుస్తకాల పెట్టె కూడా అక్కడే ఉండిపోయింది. దాని గురించి ఎవరూ నిరాహారదీక్ష చెయ్యలేదు.

చట్టంలో 'జాతీయ గ్రంథాలయమూ, ఇంకే మూడు గ్రంథాలయాలైనా' అని ఉంది. ఆ 'మూడు' అన్న మాటే మేకులా దిగిపోయింది. నోటిఫికేషన్‌తో మూడింటిలో ఒకదాన్ని మార్చగలరేమో గానీ నాలుగోది చేర్చలేరు. దానికి పార్లమెంటులో సవరణ కావాలి. తగువులకి రాష్ట్రానికొక గడప ఉండాలనుకున్న దేశం, మాటలకి మాత్రం మొత్తం మీద నాలుగు గడపలు చాలనుకుంది. ఇదెందుకిలా అని నేను చాలా ఆలోచించాను. తగువు ఆగితే మనిషి అరుస్తాడు. పుస్తకం పోతే ఎవరూ అరవరు, పోయినట్టే తెలీదు.

తెలుగునాట కూడా పుస్తకాలకి గడప కావాలంటే మీ శాఖవారు వెంటనే అనబోయే మాట నేనే అనేస్తాను: ఇంకో రెండు గ్రంథాలయాలు కలిపితే ప్రచురణకర్తల మీద భారం. నిజమే. 300 ప్రతులు వేసేవాడికి నాలుగు ప్రతులూ వాటి పోస్టు ఖర్చూ ఇప్పటికే గుచ్చుకుంటాయి. అందుకే ప్రతుల సంఖ్య పెంచమని అడగను. లెక్క నాలుగే ఉండనివ్వండి, దారి మార్చండి. ఒకటి కోల్‌కతాకి ఎటూ వెళ్తుంది. మిగిలిన మూడిట్లో తెలుగు పుస్తకమైతే ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో, ఒకటి తెలంగాణలో మీరు నిర్ణయించే గ్రంథాలయానికి వెళ్ళాలి. నాలుగోది కన్నెమరాకే, పాత బంధుత్వం కొద్దీ. ముంబైలో తరతరాలుగా ఉన్న తెలుగు నేతవాళ్ళు దీనికి ఒప్పుకోకపోవచ్చు, వాళ్ళకీ న్యాయముంది. ఆ సంగతి మీరు వాళ్ళతోనే మాట్లాడాలి, నేను తప్పుకుంటాను. ఒడియాకీ, కన్నడకీ, అస్సామీకీ కూడా ఇదే లెక్క వేసుకోవచ్చు.

చోట్లకి కొదవ లేదు. హైదరాబాదులో ఆసఫియాగా 1891లో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఇటు వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది, దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. మా ఊరి గౌతమీ గ్రంథాలయం పేరు చెప్పాలని నాలుక దురద పెడుతోంది గానీ, నేనూ ఈ కేసులో కక్షిదారునే కాబట్టి ఆగుతాను. ఏదైనా సరే, చెద పట్టని బీరువాలూ, కేటలాగు తెలిసిన ఇద్దరు మనుషులూ, వాళ్ళకి నెలనెలా జీతమూ ఉండాలి. పుస్తకం అందినట్టు రశీదివ్వాలని చట్టంలోనే ఉంది. ఆ రశీదు ఇచ్చే చెయ్యి ఒకటి కావాలి.

దీన్ని వాయిదా వెయ్యకూడదు అనడానికి ఒక కారణముంది. 1867 నాటి పాత చట్టం ప్రెస్సుల్నీ పుస్తకాల్నీ కలిపి నమోదు చేయించేది. ఆ నమోదుల నుంచి అప్పటి రాష్ట్రాలు మూడు నెలలకోసారి పుస్తకాల జాబితాలు అచ్చువేసేవి. తెల్లదొర మన మీద నిఘా కోసం పెట్టుకున్న ఏర్పాటే, కానీ తెలుగు ప్రచురణ చరిత్ర రాసేవాళ్ళకి ఇప్పటికీ అవే దిక్కు. ఆ చట్టం స్థానంలో 2023లో కొత్తది వచ్చింది, పత్రికల వరకే. పుస్తకాలు అందులోంచి జారిపోయాయి. ఇక పుస్తకం పుట్టిందని రాసుకునే బాధ్యతంతా మీ 1954 చట్టం మీదే పడింది. అదేమో అచ్చయిన కాగితం గురించే మాట్లాడుతుంది. కాగితమే లేకుండా ఫోనులోనే పుట్టి ఫోనులోనే పోతున్న తెలుగు పుస్తకాల సంగతి దానికి తెలీదు. సవరణకి ఎలాగూ కూర్చుంటారు కాబట్టి అది కూడా చూడమని మనవి.

జరిమానా పెంచమని మాత్రం అడగను. యాభై రూపాయల దగ్గరే ఉంచండి. నాలాంటివాళ్ళు భయంతో కాదు, సిగ్గుతో పంపాలి. ఏడాదికోసారి ఒక కార్డు ముక్క రాయించండి చాలు: 'ఫలానా ప్రచురణకర్త గారికి, మీరు ఈ ఏడాది వేసిన పుస్తకాలు మాకింకా చేరలేదు' అని, తెలుగులో.

ఇక నా కేసు. మొదటి పుస్తకం వెల 60, రెండోది 75, మూడోది 40. మొత్తం 175. మూడు నేరాలకి మూడు యాభైలు, 150. వెరసి 325 రూపాయలు. డి.డి. ఎవరి పేర తియ్యాలో, ఫిర్యాదు చేసే అధికారం ఎవరికుందో కనుక్కుని తెలియజెయ్యగలరు. మొదటి రెండు పుస్తకాలూ నాలుగేసి ప్రతులు విడిగా పోస్టు చేస్తున్నాను.

చిక్కంతా మూడోదానితోనే. జాతీయ గ్రంథాలయానికి పంపే ప్రతి, అచ్చయిన వాటిల్లోకెల్లా మంచి కాగితం మీద, శుభ్రంగా బైండు చేసి ఉండాలని చట్టం. నా దగ్గరున్నది ఒక్కటే. అట్ట మూల చెద కొరికింది. లోపల ఆ పంతులుగారు తన చేత్తో ఎర్రసిరాతో పదకొండు చోట్ల దిద్దారు, రెండు కొత్త మాటలు అంచుల్లో రాశారు. లాయరు గారికి కావలసిన మాట ఉన్న పేజీలో కూడా ఒక దిద్దుబాటుంది. దాన్ని మంచి ప్రతి అంటారో చెడ్డ ప్రతి అంటారో, మీకు పంపాలో కోర్టు అడిగేదాకా నా బీరువాలోనే ఉంచాలో చెబితే ఆ ప్రకారం చేస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక చిన్న ప్రచురణకర్త,
రాజమహేంద్రవరం